ఇంజను తిరిగితేనే పెట్రోలు: ఫ్యూయల్ పంపు రిలే కథ

సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది, స్టార్టు మాత్రం కాదు. వెనక ట్యాంకులో పంపు చప్పుడు లేదు. చాలామంది వెంటనే రిలే పీకి కొత్తది పెడతారు. నిజానికి ఆ రిలే చాలాసార్లు తనకు అప్పజెప్పిన పనే చేస్తుంటుంది. పంపుని నడపడం ఎంతో, ఆపడమూ దాని పని అంతే.

రిలే టెలిగ్రాఫు కాలంలో పుట్టింది. 1835 ప్రాంతంలో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జోసెఫ్ హెన్రీ, దూరం నుంచి వచ్చే బలహీనమైన కరెంటుతో దగ్గరున్న బలమైన సర్క్యూట్‌ని అదుపు చేయొచ్చని చూపించాడు. నేటికీ రిలే అంటే ఆ రెండు సర్క్యూట్లే.

కార్బురేటరు రోజుల్లో చాలా కార్లలో పంపుకి రిలే అవసరం రాలేదు. క్యామ్ షాఫ్టే పంపుని ఆడించేది కాబట్టి ఇంజను ఆగితే పంపూ ఆగేది. 1967లో బాష్ వారి డి-జెట్రానిక్ ఇంజెక్షన్ ఫోక్స్‌వ్యాగన్ 1600లోకి వచ్చింది, దానికి కరెంటు పంపు కావాలి. ఇక్కడే భయం మొదలైంది. కారు దేన్నైనా గుద్ది పెట్రోలు గొట్టం తెగినా, కీ ఆన్‌లో ఉంటే పంపు చిమ్ముతూనే ఉంటుంది. ఇంజను తిరుగుతోందో లేదో ఎవరో ఒకరు రిలేకి చెప్పాలి.

1970లలో వచ్చిన ఎల్-జెట్రానిక్ ఇందుకు చేసిన ఏర్పాటు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఇంజను పీల్చే గాలిని కొలిచే రేకు తలుపు పక్కనే చిన్న కాంటాక్టులు పెట్టారు. గాలి తోస్తే తలుపు తెరుచుకుని కాంటాక్టులు కలుస్తాయి, రిలే ఆన్ అవుతుంది. గాలి ఆగితే స్ప్రింగు తలుపుని మూసేస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం స్టార్టరు వైరు నుంచి రిలేకి విడిగా కరెంటు అందుతుంది. అందుకే బండి స్టార్టయి, కీ వదలగానే ఆగిపోతుంటే ముందు అనుమానించాల్సింది ఆ కాంటాక్టుల్ని. కీ ఆన్ చేసి తలుపుని వేలితో నెట్టి చూడండి, పంపు మోగాలి.

తర్వాత కొన్ని రిలేలు ఇగ్నిషన్ పల్సుల్ని చూసి పనిచేశాయి. ఇప్పుడు ఇంజను తిరుగుతోందన్న కబురు చెప్పేది క్రాంక్ షాఫ్టుని గమనించే క్రాంక్ సెన్సర్. కీ ఆన్ చేయగానే ఇంజను కంప్యూటరు, అంటే ఈసీయూ, పంపుని సాధారణంగా రెండు మూడు సెకన్లు నడిపి ఆపేస్తుంది, సెన్సర్ సిగ్నల్ వస్తేనే మళ్లీ నడుపుతుంది.

వైరింగు వెతుకులాటా ఈ వరసలోనే సాగాలి. జర్మన్ నంబర్లున్న మామూలు రిలేలో 30కి బ్యాటరీ, 87కి పంపు, 85, 86లకి కాయిల్. పెట్రోలు వాసన లేదని చూసుకుని, రిలే తీసి, ఫ్యూజున్న వైరుతో 30, 87 సాకెట్లని కలపండి. పంపు నడిస్తే పంపు వైపు సర్క్యూట్ బాగున్నట్టే. నడవకపోతే పంపు ప్లగ్గు దగ్గర టెస్ట్ ల్యాంపు పెట్టండి. తుప్పు పట్టిన జాయింటు దగ్గర మీటరు పన్నెండు వోల్టులు చూపించినా, ల్యాంపు గుడ్డిగా వెలిగి గుట్టు చెప్పేస్తుంది. ఎర్త్ వైరునీ మరిచిపోవద్దు.

పంపు వైపు బాగుంటే మిగిలింది కాయిల్ వైపు. సెల్ఫ్ కొడుతుండగా దానికి కరెంటూ ఎర్తూ రెండూ అందుతున్నాయా? కరెంటు ఉండి, ఈసీయూ ఇవ్వాల్సిన ఎర్త్ రాకపోతే రిలేని వదిలేసి క్రాంక్ సెన్సర్ ప్లగ్గు విప్పండి.