ఒంటరి జంట - ఓ తోలు కథ

లూయీ చుక్కల బొమ్మలు గుర్తున్నాయా? ఇంటర్లో కెమిస్ట్రీ చదివి, తర్వాత కోడింగులో పడ్డ మనవాళ్ళందరం ఎప్పుడో ఒకప్పుడు ఆక్సిజన్ చుట్టూ చుక్కలు పెట్టినవాళ్ళమే. లెక్క తేలికే. ఆక్సిజన్‌కి బయటి కక్ష్యలో 6 ఎలక్ట్రాన్లు. నీటి అణువులో రెండు హైడ్రోజన్లతో పంచుకోడానికి 2 పోతే మిగిలేవి 4, అంటే రెండు జంటలు. వీటికి "ఒంటరి జంటలు" అని పేరు. "బంధంలో పాల్గొననివి" అని రాసేసి, మార్కులు తెచ్చుకుని, మర్చిపోయాం.

నన్నడిగితే ఆ నిర్వచనం సగమే నిజం. మిగతా సగం తోళ్ళ చరిత్రలో ఉంది. అందులో పెద్ద పేరు మా తెనాలి వైపు ఆయనదే.

యలవర్తి నాయుడమ్మ గారు 1922లో యలవర్రులో పుట్టారు. తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ డెల్టా పల్లె. అమెరికాలో లీహై యూనివర్సిటీలో డాక్టరేట్ చేసి, 1958 నుంచి 1971 దాకా మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థకి డైరెక్టరుగా ఉన్నారు.

పచ్చితోలులో ముఖ్యమైనది కొలాజెన్ అనే ప్రోటీన్. నీళ్ళలో వేడిచేస్తే 60-65 డిగ్రీల దగ్గర ముడుచుకుపోతుంది. మన ఊళ్ళలో మాదిగ వృత్తికారులు తరతరాలుగా దాన్ని తంగేడు చెక్క, కరక్కాయలతో పదును చేశారు. వాటిలోని టానిన్లు హైడ్రోజన్ బంధాలతో కొలాజెన్‌ని పట్టుకుంటాయి. అక్కడ హైడ్రోజన్‌ని అందుకునేది ఎవరనుకున్నారు? మన ఒంటరి జంటే!

1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ క్రోమియంతో పదును చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. 1893లో మార్టిన్ డెనిస్ దాన్ని ఒకే తొట్టిలో అయ్యేలా సులువు చేశాడు. అదే ఏడాది వెర్నర్, లోహం చుట్టూ నిర్ణీత సంఖ్యలో అణువులు చేరతాయని చెప్పాడు. ఎందుకు చేరతాయో చెప్పడానికి అప్పటికి ఎలక్ట్రానే కనిపెట్టలేదు (అది 1897). లూయీ జంటల సిద్ధాంతం 1916లో వచ్చింది. ఆ పక్క అణువులు తమ ఒంటరి జంటల్ని లోహానికి ఇస్తాయని 1920లలో సిడ్జ్‌విక్ తేల్చాడు. అంటే కోడ్ ముందు ప్రొడక్షన్‌కి వెళ్ళింది, డాక్యుమెంటేషన్ నలభై ఏళ్ళకి వచ్చింది :)

ఇక పని జరిగే తీరు. క్రోమియంకి ఆరు స్థానాలు. కొలాజెన్ మీద కార్బాక్సిల్ సమూహాలుంటాయి. ముందు తోలుని ఆమ్లంలో నానబెడతారు. అప్పుడు ఆ సమూహాల్లో చాలావాటిని హైడ్రోజన్ ఆక్రమించి ఉంటుంది కాబట్టి క్రోమియం ఎక్కడా ఇరుక్కోకుండా లోపలిదాకా వెళ్తుంది. తర్వాత మెల్లగా సోడా కలుపుతారు. హైడ్రోజన్ తప్పుకుంటుంది, ఆక్సిజన్ ఒంటరి జంటలు క్రోమియంని పట్టేస్తాయి, పోగుకీ పోగుకీ వంతెన పడుతుంది. ఆ తోలు మరిగే నీళ్ళకి కూడా తట్టుకుంటుంది. పోర్టులన్నీ ముందే తెరిస్తే? క్రోమియం పైపొరలోనే ఆగిపోతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది.

నా బాధల్లా ఒకటే. బోర్డు మీద చుక్కలు పెడితే చదువు అంటాం. అదే చుక్కలు తొట్టిలో పనిచేస్తుంటే ముక్కు మూసుకుంటాం, ఆ పని చేసిన మనిషిని ఊరి బయట ఉంచాం. ఆ తొట్టి దగ్గరే నాయుడమ్మ గారు సైన్సు చేశారు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేల్చివేతలో చనిపోయారు.

మీ పిల్లలకి ఈ పాఠం వచ్చినప్పుడు "పంచుకోని జంట" అని వదిలేయకండి. ఇవ్వడానికి దాచుకున్న జంట అని చెప్పండి. తంగేడు చెక్క సంగతి, దాన్ని పట్టుకున్న చేతుల సంగతి కూడా చెప్పండి.