ఒక తీగె, పలు యంత్రములు

కోరాపుట్, రాయగడ ప్రాంతములలోని మన తెలుగు కుటుంబములకు ఒక వస్తువును పదిమంది పంచుకొనుట క్రొత్త గాదు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా ఏర్పడువరకు ఈ సీమ విశాఖపట్టణము జిల్లాలోనిదే. తరువాత రైల్వేలోను, రాయగడ కాగితపు మిల్లులోను, సునాబెడా విమాన ఇంజన్ల కర్మాగారములోను, దామన్‌జోడి అల్యూమినా ఫ్యాక్టరీలోను కొలువులకై వచ్చినవారెందరో. క్వార్టర్ల వరుస కొక కుళాయి, వీధి కొక టెలిఫోను ఉన్న రోజులను మన పెద్దలు నేటికిని చెప్పుచుందురు. ఇంటర్నెట్టు పంపకమును ఆ కోవలోనిదే. దాని కథను మాకు తెలిసినంతలో మనవి చేయుచున్నాము.

మన దేశములో సామాన్యులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వచ్చినది. విదేశ్ సంచార్ నిగమ్ వారు పెద్ద నగరములలో దానిని ప్రారంభించిరి. అప్పుడు టెలిఫోను తీగెయే ఆధారము. మోడెము అను పెట్టె కీచుమని కూసి అవతలివారితో కలియును. అది కలిసియున్నంతసేపు ఇంటి ఫోను మోగదు. ఒక లైనుకు ఒక కంప్యూటరు. రెండవదానికి కావలెనన్న రెండవ లైను, రెండవ చందా.

ఈ చిక్కును విప్పు ఉపాయము అంతకు ముందే పుట్టియున్నది. అదియు పొదుపు కొరకే పుట్టినది గాని, డబ్బు పొదుపు గాదు, నెంబర్ల పొదుపు. ఇంటర్నెట్టులో చేరిన ప్రతి యంత్రమునకు ఒక నెంబరు ఉండవలెను. నాటి పద్ధతిలో మొత్తము నెంబర్లు సుమారు 429 కోట్లు. ఇవి లోకమునకు చాలవని తెలిసినవారికి బెంగ పట్టుకొన్నది. 1994 మే నెలలో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అను ఇద్దరు ఒక పద్ధతిని ప్రకటించిరి: బయటికి కనబడు నెంబర్లు కొన్నియే, లోపల యంత్రములు అంతకంటె ఎక్కువ ఉండవచ్చును. అంతకు ముందే, 1994 మార్చిలో, లోపలి వాడుకకై కొన్ని నెంబర్లను ప్రత్యేకించిరి. నేడు మన ఇండ్లలో 192.168 అని మొదలగునవి అవియే.

గుమాస్తాలకు ఇది ఇట్టే బోధపడును. మా ఆఫీసులో ఏ సీటునుండి కాగితము పోయినను పైన ఆఫీసు చిరునామాయే ఉండును. అవుట్‌వర్డు రిజిష్టరులో నెంబరు వేసి, ఎవరు పంపినదో వ్రాసికొందుము. జవాబు ఆ నెంబరు నుదహరించి వచ్చును. రిజిష్టరు తిరుగవేసి ఆ సీటుకు చేర్చుదుము. రౌటరు చేయు పని అచ్చముగా ఇదియే. దాని రిజిష్టరులో 65 వేల పైచిలుకు నెంబర్లు పట్టును. అడుగకుండ వచ్చిన కాగితమును ఎవరిదో తెలియక పారవేయును. అదియు మనకొక మేలే.

మొదట ఇట్టి పెట్టెను కొనగలవారు తక్కువ. 1999లో వచ్చిన విండోస్ 98 రెండవ కూర్పులో, కంప్యూటరే ఈ గుమాస్తాగిరీ చేయు ఏర్పాటును చేర్చిరి. కొందరు మూలబడిన కంప్యూటరులో లినక్సు వేసి దానిచేత చేయించిరి. మేము పదవ తరగతి ఫలితములు చూచుకొన్న సెంటరులో నాలుగు కంప్యూటర్లు, ఒకటే లైను. నలుగురము ఒకేసారి నెంబరు కొట్టగా నాలుగు తెరలును తెల్లబోయినవి. యజమాని ముగ్గురిని చేతులు కట్టుకొని కూర్చొనుమని, ఒక్కొక్కరికి తీసి యిచ్చెను.

2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. వారి బ్రాడ్‌బ్యాండు వచ్చినది. సెకనుకు 256 కిలోబిట్లు ఉన్న చాలు, బ్రాడ్‌బ్యాండు అనిపించుకొనెడిది! క్రమముగా వైఫై పెట్టెలు చవుకయి, తీగె లాగు పని తగ్గినది.

అసలు పరీక్ష 2020లో వచ్చినది. మార్చిలో బడులు మూతపడి, పాఠములు కంప్యూటరులోనికి చేరినవి. మా వరుసలో లైను ఉన్నది మా ఇంట మాత్రమే. పక్క రెండిండ్లకు కిటికీగుండ నీలపు తీగె లాగి, చందాను మూడు వాటాలు వేసికొంటిమి. మొదటి వారము పాఠము నడుమనే నిలిచిపోవుచుండెను. లైనును తిట్టుకొంటిమి. ఒకనాడు పక్కింటి పిన్నిగారు వచ్చి, "బాబూ, పదకొండింటికి మావాడికి లెక్కల క్లాసు. ఆ గంటయినా మీ ఇంట్లో సినిమా ఆపిస్తావేటి?" అన్నారు. మేము సిగ్గుపడితిమి. పెట్టె ఎన్ని ఇండ్లకు పంచినను వచ్చు ధార ఒకటే గదా. నాటినుండి రైళ్లకువలె టైంటేబులు వ్రాసి తలుపునకు అంటించితిమి.

వానలు మొదలైన పిదప ఒక రాత్రి పిడుగు పడినది. మా పెట్టెతోపాటు పిన్నిగారు అప్పుచేసి కొన్న కంప్యూటరును పోయినది. ఆరుబయట ఇంటినుండి ఇంటికి రాగి తీగె లాగరాదని అప్పుడుగాని తెలియలేదు. చందా కాగితము తీసి చూడగా, కనెక్షను ఆ ఇంటివారికి మాత్రమే అని షరతు గూడ ఉన్నది. బయటికి ఒకే నెంబరు గనుక, లోపల ఎవరేమి చేసినను ముందుగా అడుగబడువాడు చందాదారుడే. ముందు చదువక పోవుట మా తప్పు. మరమ్మతు ఖర్చులో సగము మేము పెట్టుకొందుమనగా పిన్నిగారు మొదట ఒప్పుకొనలేదు. తుదకు నెలకు కొంతగా తీసికొన్నారు.

తీగెను చుట్టి అటుకుమీద పడవేసితిమి. క్రొత్త పెట్టె వచ్చువరకు మా ఫోను హాట్‌స్పాటుతో నడిపితిమి. 2016 తరువాత ఫోను డేటా చవుకైనందున అది సాధ్యమైనది. ఆ కుర్రవాడు పలక ఒళ్లో పెట్టుకొని, మా వసారాలో చాపమీద కూర్చొని, ఆ సంవత్సరపు లెక్కల పాఠములన్నియు విన్నాడు.