పలక పట్టించింది ఎవరు?

ఈసారి చాలా చిన్న విషయం రాస్తున్నాను. పల్లెలో చర్చి పక్కన, తాటాకు పందిరి కింద నడిచిన పసిపిల్లల బడి గురించి. ఒక పంతులమ్మ, చేతికో పలక, ముక్కలు చేసి పంచిన బలపం. దీన్ని చరిత్ర అని ఎవరూ అనలేదు. మనం అనాలి.

పల్లెలో పసితనానికి ఆయుష్షు తక్కువ. పొద్దు పొడవక ముందే అమ్మ నాట్లకో కలుపుకో పోతుంది. చంటివాణ్ణి అక్క చంకనేసుకుంటుంది, ఆమె చదువు అక్కడితో సరి. ఏడెనిమిదేళ్లు రాగానే పిల్లవాడు ఆసామి గేదెల వెనక నడవాలి. అందుకే పల్లె బడిలో కిక్కిరిసేది శిశు తరగతి. పై తరగతికి పోయేకొద్దీ పిల్లలు కనపడరు. పసిపిల్లల బడి ఉన్నచోట మాత్రం అమ్మ కూలి నిలిచింది, అక్క బడికి పోగలిగింది, చిన్నవాడికి అక్షరం అంటింది.

ఈ బడులు ఎలా వచ్చాయంటే రెండు కథలు చెబుతారు. తెల్లదొర దయ అని ఒకటి. తిండి కోసం మతం మారారని ఇంకొకటి. రెండింటిలోనూ మనం చెయ్యి చాచినవాళ్లమే.

ఒంగోలు చూడండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చాడు. మొదట బ్రాహ్మణులు, ఇతర పై కులాలవాళ్లు తమ పిల్లల్ని ఆయన బడికి పంపారు. అప్పుడే తోళ్ల బేరం మీద ఊళ్లు తిరిగే మాదిగ, యెర్రగుంట్ల పేరయ్య, తనవాళ్లను కదిలించాడు. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పెద్దలు తేల్చేశారు. క్లౌ మాదిగల్ని వదులుకోలేదు. పై కులాల పిల్లలు బడి మానేశారు. అందుకు క్లౌని గౌరవిద్దాం. కానీ ఎవరి వైపో తేల్చుకోవాల్సిన పరిస్థితి ఆయనకు తెచ్చిపెట్టింది పేరయ్యే.

ఇక తిండి మాట. 1876–78 కరువులో మనవాళ్లు బకింగ్‌హామ్ కాలువ తవ్వి కూలి తీసుకున్నారు. ఆ పనిలో కొంత భాగాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. కరువు ముదిరిన నెలల్లో ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తిండి కోసమే అయితే ఆకలి రోజుల్లో తోసుకురావాలి గదా!

ఇన్ని పల్లెలకు చదువు చెప్పడానికి దొరలు ఎంతమంది ఉన్నారు? చెప్పింది మన పంతుళ్లు, పంతులమ్మలు. జాషువా నెలకు 3 రూపాయల జీతానికి పనిచేసింది మిషన్ బడిలోనే. ఆయన పేరు మిగిలింది, ఆయనలాంటి వందల మంది పేర్లు పోయాయి. మిషన్ రిపోర్టుల్లో దొరల పేర్లు దొరికినంత తేలిగ్గా మన పంతులమ్మ పేరు దొరకదు.

ఈ చదువుకు ఇంకో వెల కూడా కట్టాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. తెలుగు నేల మీద వాళ్లను బీసీ-సిలో పెట్టి, 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. మతం మారినా మాలపల్లి, మాదిగపల్లి ఊరవతలే ఉన్నాయి. అయినా బడి రిజిస్టరులో మతం గడి నింపేటప్పుడు ఇప్పటికీ తల్లి గొంతు తగ్గుతుంది. పలక పట్టిన రోజు రాసిన మాట ఉద్యోగం రోజున అడ్డు నిలుస్తుంది.

చర్చిని కూడా అడుగుదాం. పట్నంలో ఫీజుల కాన్వెంటు నడపగలిగినవాళ్లు పల్లెలో పలకబడి ఎందుకు నడపలేరు? ప్రభుత్వాన్నీ అడుగుదాం. 1975లో ఐసీడీఎస్ మొదలైంది, అంగన్‌వాడీలు వచ్చాయి. మీ దగ్గర అది ఊళ్లో పెట్టారా, పల్లెలో పెట్టారా? మన పిల్లలు అక్కడ అందరితో కలిసి కూర్చుంటున్నారా?

విద్యార్థి మిత్రులకు ఒక పని. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ముసలమ్మల దగ్గర కూర్చోండి. మన పల్లెలో మొదట పలక పట్టించింది ఎవరు, బడికి జాగా ఎవరిచ్చారు, తాటాకు ఎవరు కప్పారు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి. వాళ్లు పోతే ఆ పేర్లు కూడా పోతాయి.

జై భీమ్.