అద్దాల బీరువా రాకముందు

భద్రాచలం వచ్చినవాళ్ళు గోదారిలో మునిగి, మెట్లెక్కి, రాముణ్ణి చూసి, పర్ణశాలకు ఆటో మాట్లాడుకుంటారు. ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ఆవరణలో ఒక గిరిజన మ్యూజియం ఉందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళలోనూ అటు తిరిగేవాళ్ళు తక్కువే. అయితే వస్తువును పదిమంది ముందు పెట్టి దాని కథ చెప్పే అలవాటు ఈ ప్రాంతంలో మ్యూజియం కంటే చాలా పాతది.

తానీషా పాలనలో (1672–87) పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న. సర్కారు సొమ్ముతో గుడి కట్టించి, నగలు చేయించి, గోల్కొండ ఖైదులో పడిన సంగతి అందరికీ తెలిసిందే. అక్కడ ఆయన రాముడి మీద అలిగి పాడాడని చెప్పే కీర్తనలో ఆ నగల చిట్టా ఉంది. భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, రాముడికి కలికితురాయి. ఏది ఎవరికో, చాలావాటికి ఖరీదెంతో కూడా చెబుతాడు. మ్యూజియం రిజిస్టరులో రాసేదీ ఇదేగా! పన్ను లెక్కలు రాసిన చెయ్యి, దేవుడితో పోట్లాటలోనూ పద్దు తప్పలేదు. నవమి కల్యాణంలో అర్చకులు ఈ నగలను ఒక్కొక్కటే చేత పట్టుకుని, పేరు చెప్పి జనానికి చూపిస్తారు.

గుడి దాటి అడవిలోకి వెళితే కోయల పడిగెలు. కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ వంశాల వరుస ఉంటుంది. గట్టుకో కథ, వేల్పులు. ఆ కథను గుడ్డ మీద బొమ్మలుగా దించితే పడిగె. మామూలు రోజుల్లో అది ఎవరి కంటా పడదు. కొలుపుల్లోనే విప్పుతారు, అప్పుడు డోలీలనే గాయకులు వాయిద్యాలతో వంశావళి పాడతారు. డోలీ పాడకపోతే బయటివాడికి అవి ఉత్త బొమ్మలు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ డోలీల్లో ఒకరు. సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో పోయారు.

మ్యూజియం పుట్టింది ఆఫీసులో. ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో (1974–79) గిరిజన ఉపప్రణాళిక, దాంతోపాటు ఐటీడీఏలు వచ్చాయి. పోడు, అప్పులు, బడులు చూడాల్సిన ఆఫీసు విల్లంబులు, సొరకాయ బుర్రలు, వెదురు బుట్టలు కూడా పోగుచేసింది. వీటన్నిటిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది కొమ్ముకోయల తలపాగా. అడవిదున్న కొమ్ములకు నెమలి ఈకలు కుచ్చి, డోలు మోతకు మగవాళ్ళు దున్నపోతుల్లా తలపడుతూ ఆడే ఆట దానిది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక కొత్త కొమ్ములకు దారి లేదు. తాతలనాటివే జాగ్రత్తగా దాచుకుని వాడాలి.

ఈ ఊరి సరిహద్దులు కూడా కుదురుగా లేవు. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలోది. ఆ ఏడు ఖమ్మానికి మారింది. 2014లో పోలవరం కారణంగా చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. పట్టణం తెలంగాణలో మిగిలింది. పాపికొండల వైపు కొండరెడ్ల ఊళ్ళు చాలావరకు అవతల రాష్ట్రంలో పడ్డాయి. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1945లో అచ్చువేసిన పుస్తకం రాసింది ఈ కొండల రెడ్ల గురించే. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో ఉన్నాయి. తన తాత ముఖం చూసుకోవాలంటే ఇక్కడి కుర్రవాడు ఎక్కడికి పోవాలో చూడండి.

మ్యూజియం ఈమధ్య కొత్త రూపు దిద్దుకుంది, సంతోషం. నన్నడిగితే ఇంకో అద్దాల బీరువాకంటే వారానికి ఒకరోజు ఒక డోలీని పిలిచి, కూలి ఇచ్చి, అక్కడ కూర్చోబెట్టడం మేలు. కొలుపుకు మాత్రమే విప్పే పడిగెను అడగక్కర్లేదు. కంచుతాళం వాయించి, ఈ కొమ్ములు ఏ ఊరివో, ఏ గట్టువాళ్ళవో చెప్పినా చాలు.