భూమి కదిలితే ఎటు పరిగెత్తాలి?

భూకంపం వస్తే బయటికి పరిగెత్తాలా, ఇంట్లోనే బల్ల కింద దూరాలా? మన దేశంలో దీనికి ఏనాడూ ఒకే జవాబు లేదు. ఎలాంటి గోడల మధ్య ఉన్నామన్నదాన్ని బట్టి జవాబు మారుతూ వచ్చింది.

1897 జూన్ 12 సాయంత్రం వచ్చిన అస్సాం భూకంపానికి షిల్లాంగ్‌లో రాతి కట్టడాలు నేలమట్టమయ్యాయి. భూగర్భ సర్వే అధికారి ఆర్.డి. ఓల్డ్‌హామ్ దానిపై రాసిన నివేదికను భూకంప శాస్త్రవేత్తలు నేటికీ తలుచుకుంటారు. ఆ ప్రాంతంలో ఆ తర్వాత బాగా వ్యాపించినది ‘అస్సాం తరహా’ ఇల్లు: చెక్క చట్రం, మట్టి మెత్తిన రెల్లు తడికలు, పైన రేకులు. కూలినా మనిషిని నలిపేసేంత బరువు అందులో ఉండదు.

1931లో బలూచిస్తాన్‌లో భూమి కంపించాక, ఎస్.ఎల్. కుమార్ అనే కుర్ర రైల్వే ఇంజనీరు క్వెట్టాలో సిబ్బంది క్వార్టర్లను భూకంపానికి తట్టుకునేలా రూపొందించాడు. 1935 మే 31 తెల్లవారుజామున ఆ ఊరు నిద్రలోనే కూలిపోయింది. వేలకు వేల మంది చనిపోయారు, క్వార్టర్లు మాత్రం నిలబడ్డాయి. ఇంతకంటే గట్టి రుజువు ఏ ఇంజనీరుకు దొరుకుతుంది? తర్వాత అక్కడ ఇటుక గోడల్లో నిలువు చువ్వలు వేసి కట్టడం మొదలైంది.

ఈ అనుభవమంతా 1962లో భారతీయ ప్రమాణంగా పుస్తకమెక్కింది. అయితే ఆ పుస్తకంలోని పటం దక్కన్‌లో చాలా భాగానికి ముప్పు లేదన్నట్టే చూపింది. 1967లో కొయనా, 1969లో మన భద్రాచలం భూకంపాలు ఆ ధీమాను కదిపాయి. పటం మారింది కానీ పల్లెలో గోడ కట్టే మేస్త్రీకి ఆ సంగతి చేరలేదు.

1993 సెప్టెంబరు 30, లాతూర్ జిల్లా కిల్లారి. వినాయక నిమజ్జనం ముగించుకుని ఆలస్యంగా పడుకున్న జనం. టైము 3 గంటల 56 నిమిషాలు. అక్కడి ఇళ్ల రాతి గోడలు చూడ్డానికి కోటగోడలే. నిజానికి ఒక్కో గోడా రెండు గోడలు: బయట ఒక వరస, లోపల ఒక వరస, నడుమ చిల్లర రాళ్లు, మట్టి. రెండు వరసల్నీ కలిపి పట్టే పొడుగు రాయి అడ్డంగా వేయలేదు. ఊపు రాగానే వరసలు విడిపోయాయి, ఏళ్ల తరబడి మట్టి పరిచిన మిద్దె అమాంతం మీద పడింది. వేల ప్రాణాలు పోయాయి. అలాంటి ఇంట్లో మంచం కింద దూరమని చెప్పడం దండగ. చేయాల్సింది ముందే ఉంది: గోడకు అక్కడక్కడా ఈ వైపు నుంచి ఆ వైపుకు చిల్లు పెట్టి, కొసలు వంచిన చువ్వ దూర్చి, కాంక్రీటు నింపడం. మేస్త్రీ చేయగలిగిన పనే.

పోనీ బయటే క్షేమమా అంటే, 2001 గణతంత్ర దినం నాడు గుజరాత్‌లోని అంజార్‌లో బడిపిల్లలు ఇరుకు సందుల్లో ఊరేగుతున్నారు. రెండు వైపులా మిద్దెలు వాళ్ల మీదే కూలాయి. అదే ఉదయం, భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద కార్ల కోసం గోడల్లేకుండా వదిలేసిన అంతస్తు ఉంది. పై అంతస్తుల్లో గోడల బిగువు, కింద ఒట్టి పిల్లర్లు. ఊపంతా ఆ పిల్లర్ల మీదే పడింది.

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కదిలితే హైదరాబాదు, విజయవాడ దాకా తెలిసింది. జనం మెట్ల మీదుగా కిందికి పరిగెత్తారు. సరిగా కట్టిన కాంక్రీటు భవనంలో పై అంతస్తుల వాళ్లకు ఇప్పుడు చెప్పే మాట వేరు: అద్దాలకు దూరంగా గట్టి బల్ల కింద దూరి, ఊపు ఆగాక స్టవ్ కట్టేసి, లిఫ్టు జోలికి పోకుండా దిగాలి. అలాంటి ఇంట్లో దెబ్బ తగిలేది ఎక్కువగా మీద పడే సామాను వల్లే. అటక మీది ఇత్తడి బిందెలు, మంచం పక్క బీరువా ముందు చూసుకోవాలి. బీరువాను గోడకు బిగించడం గంట పని. కింది పార్కింగు పిల్లర్ల సంగతి మాత్రం అసోసియేషన్ మీటింగులో ఎత్తి, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి చూపించాల్సిందే.