తరవాణి కుండ – మెచ్నికోవ్ పెరుగు

పులిసిన గంజికి అమరకోశం ఆరనాలం, ధాన్యామ్లం, కాంజికం మొదలైన పర్యాయపదాలు చెప్పింది. తెలుగింటి తరవాణి ఆ కోవలోనిదే.

ఇక ఐరోపా సంగతి. 1905లో బల్గేరియా దేశీయుడు స్టామెన్ గ్రిగొరోవ్ జెనీవాలో తమ పెరుగులోని సూక్ష్మజీవిని గుర్తించాడు. ప్రేవులలోని కుళ్ళే వార్ధక్యాన్ని త్వరపెడుతుందని తలచిన పారిస్ శాస్త్రజ్ఞుడు మెచ్నికోవ్, దానికి పులిసిన పాలు విరుగుడన్నాడు. తానూ నిత్యం సేవించాడు. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది మాత్రం రోగనిరోధక శక్తిపై చేసిన కృషికి. 1916లో, 71 ఏళ్ళ వయసులో గతించాడు.

ఆ సూక్ష్మజీవి ప్రేవులలో స్థిరనివాసం చేయదని తరువాతి పరిశోధకులు తేల్చారు. అంటే పులుపు నిత్యాహారం కావాలి. మన పెద్దలు తరవాణి కుండను పూర్తిగా ఒంపక, రోజూ కొత్త గంజి చేర్చేవారు. కుండ అటకెక్కింది. మిత్రులారా, ఆ మాటనైనా నిలుపుకుందామా?