పిట్‌బుల్ భయానికి పుట్టిల్లు ఎక్కడ?

పిట్‌బుల్ గురించి మన మధ్య రెండు కథలు తిరుగుతున్నాయి. పోట్లాటకే పుట్టిన రక్తమనీ, పట్టు పడితే దవడకు తాళం పడుతుందనీ ఒకటి. ఒకప్పుడు ఇంగ్లండులో పసిపిల్లలకు ఆయాగా పెట్టుకున్న కుక్క అనీ, తప్పంతా పెంచినవాడిదేననీ ఇంకొకటి. మొదటిది భయపడ్డవాళ్ళది, రెండోది అమ్ముకునేవాళ్ళది. చరిత్రలో వెతికితే రెండింటికీ దొరికే ఆధారం పలచనే.

తొలి ఘట్టాలు చాలామందికి తెలిసినవే. కట్టేసిన ఎద్దు మీదికి బుల్‌డాగ్‌లను ఉసిగొల్పే వినోదాన్ని ఇంగ్లండులో 1835 చట్టం నిషేధించింది. చాటుమాటుగా సాగిన కుక్కల పందాలకు బుల్‌డాగ్‌, టెర్రియర్ సంకరం పనికొచ్చింది. 1860ల్లో బర్మింగ్‌హామ్‌కు చెందిన జేమ్స్ హింక్స్ అందులోంచి తెల్లటి బుల్ టెర్రియర్‌ను తీర్చి ప్రదర్శనలకు ఎక్కించాడు. అమెరికా చేరిన శాఖను 1898లో పుట్టిన యునైటెడ్ కెన్నెల్ క్లబ్ పిట్‌బుల్ టెర్రియర్ పేరుతో నమోదు చేసింది. స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్‌కు ఇంగ్లండులో 1935లో, దాని అమెరికా జ్ఞాతికి మరుసటి ఏడు గుర్తింపు వచ్చింది. ఆయా కథను ఈ పాతకాలానికే అంటగడతారు గానీ, దానికి ప్రచారం వచ్చింది 1970ల్లో, ఆ జాతి అభిమానుల నోట.

రక్తం సంగతి తిరువూరు వైపు సంక్రాంతి బరుల దగ్గర నిలబడ్డవాళ్ళకు చెప్పక్కర్లేదు. పందెం పుంజుకు జాతీ కావాలి, మేపూ కావాలి. జాతి పుంజు పిల్లలన్నీ బరిలో నిలవవు. కుక్కల పందెగాళ్ళకూ అదే అనుభవం. మనిషిని కరిచినదాన్ని వాళ్ళు ఉంచేవారు కాదన్న మాటను అభిమానులు అతిగా వాడుకుంటారు. గెలిచే కుక్కయితే, కరిచినా దాని పిల్లలను తీశారు.

అసలు తగాదా 1976 నుంచి 1991 దాకా సాగిన కాలం గురించి. అంతకు ముందు అమెరికాలో పిట్‌బుల్ ప్రత్యేకించి భయం పుట్టించిన కుక్క కాదు. ‘అవర్ గ్యాంగ్’ హాస్యచిత్రాల్లో పిల్లల వెంట తిరిగిన పీట్ ఈ కోవదే. భయం 19వ శతాబ్దంలో బ్లడ్‌హౌండ్ చుట్టూ, 1970ల్లో డోబర్‌మన్ చుట్టూ తిరిగింది. మనకైతే బంగళా గేటు దగ్గర గుండె ఆగేది ఆల్సేషియన్‌ను చూసి. 1976లో అమెరికా జంతు సంక్షేమ చట్టాన్ని సవరించి, రాష్ట్రాల ఎల్లలు దాటే కుక్కల పందాలను ఫెడరల్ నేరం చేశారు. మంచి పనే. కానీ పందాలను ఆపాలన్న ప్రచారమే పందెం కుక్క భీకర వర్ణనలను ఇంటింటికీ చేర్చింది. భయపెట్టే కుక్క కోసం చూస్తున్నవాడికి దాని పేరు తెలిసింది. గిరాకీ పెరిగింది, ముందూ వెనకా చూడకుండా పిల్లలు తీసేవాళ్ళు పెరిగారు. గొలుసు వేసి రెచ్చగొట్టిన కుక్కలు కరిచాయి. కరిచిన వార్త మళ్ళీ గిరాకీని పెంచింది. 1987లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ముఖచిత్రానికి పిట్‌బుల్ ఎక్కింది. 1991లో బ్రిటన్ దాన్ని చట్టం పెట్టి నిషేధించింది. కుక్క వల్ల భయం పుట్టిందన్నది అందరూ చెప్పే వరస. భయమే ఇలాంటి కుక్కల్ని పెంచిందన్నది నా వాదన.

దీనికి అడ్డొచ్చే లెక్కను దాచకూడదు. అమెరికాలో 1979-98 మధ్య కుక్కకాట్లకు బలైనవాళ్ళలో కుక్క జాతి తెలిసిన 238 మందిలో సగానికి పైగా పిట్‌బుల్ తరహా కుక్కలు, రాట్‌వీలర్ల వల్లే పోయారని 2000లో ఒక అధ్యయనం తేల్చింది. అయితే కనీసం 25 జాతులకు అందులో పాత్ర ఉంది. ఈ అంకెలతో జాతినిబట్టి చట్టం చేయడం కుదరదని రాసినవాళ్ళే హెచ్చరించారు. పైగా కంటితో చూసి చెప్పిన జాతి డీఎన్‌ఏ పరీక్షలో తరచూ తప్పుతుంది. కుక్కకూ కుక్కకూ నడవడికలో కనిపించే తేడాల్లో జాతి వివరించేది సుమారు 9 శాతమేనని 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. ఈ 9 శాతాన్ని పట్టుకుని ఊరేగేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. నడవడిక వేరు, గాయం లోతు వేరు. బలమూ, పట్టు వదలని మొండితనమూ తరాల తరబడి ఏరి పెంచిన గుణాలు. తాళం మాత్రం కట్టుకథ. మిగతా కుక్కల్లో లేని కీలు ఏదీ ఆ దవడలో లేదు.

మన దేశంలో ఈ చక్రం కాస్త ఆలస్యంగా తిరిగింది. 2022 జూలైలో లక్నోలో ఒక వృద్ధురాలిని ఇంటి పిట్‌బులే చంపింది. అక్టోబరులో ఘజియాబాద్ నగరపాలక సంస్థ మూడు జాతులను నిషేధించింది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల దిగుమతి, పెంపకం, అమ్మకాలను ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ జాబితా చదివితే నవ్వొస్తుంది: టోసా రెండుసార్లు ఉంది, టెర్రియర్లన్నీ ఒక్క మాటలో ఉన్నాయి. ఒడిలో పట్టే యార్క్‌షైర్ టెర్రియర్ కూడా క్రూర జంతువే అన్నమాట. సంబంధితులను సంప్రదించలేదంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లోనే ఆ లేఖను కొట్టేసింది.

తెలుగునాట పత్తికొండ దగ్గరి పందికోన కుక్కదీ ఇదే దారి. రౌద్రమన్న పేరు విని దూరాల నుంచి వచ్చి కొంటారు. అదే కొల్లేటి వైపు బాతులు కాసిన జోనంగిని పట్టించుకునేవాళ్ళు తక్కువ. తిరువూరు, నూజివీడు మామిడి తోటలకు ఊరకుక్క కాపలా చాలుతూ వచ్చింది. ఇప్పుడు చిన్న పట్టణాల కుర్రాళ్ళు కూడా ఫోన్లో వీడియో చూసి, చెవులు కోయించిన అమెరికన్ బుల్లీని తెచ్చుకుంటున్నారు. పిట్‌బుల్ నుంచి ఇంటి తోడుకని ఈమధ్యే తీర్చిన రకమే అయినా, కొనేవాడికి కావలసింది వీధి జడవడం. మరణాల తర్వాత బ్రిటన్ 2023 చివర దాని ఎక్స్‌ఎల్ రకాన్ని నిషేధించిందంటే, తోడు కుక్క అన్న హామీని కూడా అనుమానించాల్సిందే. మరోవైపు 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుణ్ణి చంపినవి ఏ జాబితాకూ ఎక్కని వీధికుక్కలు.

జాతితో పనిలేని నియమాలు మనకు ముందే ఉన్నాయి. కుక్కల పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలని 2017 నిబంధనలు చెబుతాయి. తన జంతువు వల్ల మనిషికి ముప్పు రాకుండా చూసుకోని యజమానికి ఆరు నెలల వరకు జైలు అని 1860 నాటి శిక్షాస్మృతిలోని 289వ సెక్షన్ చెప్పింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 291. రెండింటిలోనూ క్రూర జాతుల జాబితా లేదు. బహుశా అందుకేనేమో, పిట్‌బుల్ పేరు వినిపించినంతగా వీటి పేరు ఎక్కడా వినిపించదు.